ఒకటో స్థానం ఎవరిది?

యూనివర్సిటీ కాలేజి సావనీరులో బాక్సింగ్ మీద వ్యాసమేమిటని ఎవరైనా నొసలు చిట్లిస్తే వాళ్ళతో నాకు పేచీ లేదు. ముందు పేజీల్లో కవితలున్నాయి, వెనక పేజీల్లో యూనియన్ వార్షిక నివేదిక ఉంది. వారు అటు తిరగవచ్చు. ఈ వ్యాసం హాస్టల్ వరండాలో రాత్రి పదకొండు దాటాక కూడా వాడు గొప్పా వీడు గొప్పా అని గొంతులు బొంగురుపోయేలా వాదించే మిత్రుల కోసం. వాదన క్రికెటర్ల మీద కావచ్చు, సినిమా హీరోల మీద కావచ్చు, కవుల మీద కావచ్చు. ఎవరి మీదైనా గంటసేపు విన్నాక తేలేది ఒకటే: వాదించే ఇద్దరూ ఒకే తూకపు రాయి వాడటం లేదు. ఆ సంగతి బాక్సింగులో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదని నా అభిప్రాయం.

పరుగుపందెంలో గడియారం తీర్పు చెబుతుంది. బరువులెత్తే పోటీలో ఇనుమే చెబుతుంది. క్రికెట్లో బ్రాడ్‌మన్ సగటు 99.94 అనగానే సగం వాదన అక్కడే చల్లారిపోతుంది. బాక్సింగులో అలాంటి అంకె లేదు. ఒకడు రెండోవాణ్ణి పడగొట్టి పది లెక్కపెట్టించాడా, సరే, గొడవ లేదు. పడగొట్టలేదనుకోండి, రింగు పక్కన కుర్చీలేసుకుని కూచున్న ముగ్గురు పెద్దమనుషులు రౌండు రౌండుకీ మార్కులు వేసుకుంటూ పోతారు. రౌండు గెలిచినవాడికి పది, ఓడినవాడికి తొమ్మిది, కిందపడి లేచినవాడికి మామూలుగా ఎనిమిది. చివర్లో కూడిక. ఆ కూడిక మీద ప్రపంచ ఛాంపియన్ బెల్టు, లక్షలాది డాలర్లు, ఒక మనిషి పదిహేనేళ్ళుగా తిన్న దెబ్బలు, అన్నీ వేలాడుతుంటాయి.

ఇక అసలు విషయం. మహమ్మదాలీ తరం వెళ్ళిపోయాక బాక్సింగ్ పని అయిపోయిందని అందరూ అనుకుంటున్న రోజుల్లో నలుగురు మనుషులు దాన్ని భుజాన వేసుకున్నారు. పనామా నగరంలో ఎల్ చోరియో అనే పేదవాడలో పెరిగిన రోబెర్టో డురాన్. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో స్వర్ణపతకం తెచ్చి, నవ్వు ముఖంతో టెలివిజన్‌ని జయించిన షుగర్ రే లెనర్డ్. డిట్రాయిట్‌లో క్రాంక్ జిమ్‌లో తయారైన ఆరడుగుల ఒక అంగుళం పొడవువాడు థామస్ హెర్న్స్. బ్రాక్టన్ అనే చిన్న ఊళ్ళో గుండు గీయించుకుని, ఎవరైనా తనతో పోటీకి ఒప్పుకుంటారా అని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మార్విన్ హాగ్లర్. ఈ నలుగురూ 1980 జూన్ నుంచి 1989 డిసెంబరు లోపల తమలో తాము తొమ్మిదిసార్లు కొట్టుకున్నారు.

ఇది మామూలు విషయం కాదు. తక్కిన కాలాల్లో గొప్పవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు తప్పించుకు తిరిగారు, లేదా ఒకడు ఎక్కుతుండగా ఇంకొకడు దిగిపోయాడు. ఇక్కడ అలా కాదు. నలుగురిలో ఏ ఇద్దర్ని తీసుకున్నా కనీసం ఒక్కసారైనా రింగులో ఎదురుపడ్డారు. మన ఇంటర్ కాలేజియేట్ లీగు పోటీల్లాగా పట్టిక వేసెయ్యవచ్చు. వేస్తే ఇలా వస్తుంది: లెనర్డ్ ఆరు ఆడి నాలుగు గెలిచాడు, ఒకటి ఓడాడు, ఒకటి సమానం. హాగ్లర్ మూడింట రెండు గెలిచి ఒకటి ఓడాడు. హెర్న్స్ నాలుగింట ఒకటి గెలిచి, రెండు ఓడి, ఒకటి సమానం చేశాడు. డురాన్ అయిదింట ఒకటి గెలిచి నాలుగు ఓడాడు. కాబట్టి లెనర్డ్ ప్రథముడు, డురాన్ ఆఖరివాడు. వాదన సమాప్తం, లైట్లార్పి పడుకోవచ్చు.

పడుకోనివ్వకూడదనే నా ప్రయత్నమంతా. ఎందుకంటే ఈ పట్టికలో అడుగున ఉన్న మనిషే నా లెక్కలో మొదటివాడు.

ముందు బరువు సంగతి చూద్దాం. బరువు తరగతులంటే ఏమిటో మనకి ఇవాళ కొత్తగా చెప్పక్కర్లేదు, మన నిజామాబాద్ నిఖత్ జరీన్ పుణ్యమా అని. ఆమె 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్ళీ అయింది, ఈసారి 50 కిలోల్లో. మధ్య తేడా రెండు కిలోలు. రెండు కిలోలంటే మనకి వారం రోజుల మెస్ భోజనం. బాక్సర్‌కి అది మరో ప్రపంచం. అవతలివాడి ఎముక మారుతుంది, చెయ్యి పొడవు మారుతుంది, దెబ్బ బరువు మారుతుంది. మన ఒంటికి తగని బరువులోకి పైకి వెళ్ళామా, మనం కొట్టిన దెబ్బ వాడికి దోమకాటు, వాడు కొట్టింది మనకి సుత్తిపోటు.

డురాన్ 1972 జూన్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో స్కాట్లండ్ వాడైన కెన్ బుకానన్‌ని ఓడించి ఛాంపియన్ అయింది ఏ బరువులో? లైట్‌వెయిట్, 135 పౌండ్లు. సుమారు 61 కిలోలు. (ఆ పోటీ ఆఖర్న దెబ్బ నడుం కిందకి తగిలిందని బుకానన్ బతికున్నంతకాలం అన్నాడు, ఆ మాట కొట్టిపారెయ్యలేం.) ఆ బరువులో అతను 12 సార్లు ఛాంపియన్‌షిప్ నిలబెట్టుకున్నాడు. మధ్యలో ఒకే ఒక్కసారి, బెల్టు పణంగా లేని పోటీలో, ఎస్తెబాన్ డి హెసూస్ చేతిలో ఓడాడు. ఆ హెసూస్‌ని తర్వాత రెండుసార్లు పడగొట్టి బాకీ తీర్చుకున్నాడు. లైట్‌వెయిట్‌లో ఆల్‌టైం గొప్పవాళ్ళ పేర్లు రాయమంటే బాక్సింగ్ తెలిసిన ఏ పాతకాలపు మనిషైనా అతని పేరు మొదటి రెండు మూడిట్లోనే రాస్తాడు. ఇదంతా మన తొమ్మిది పోటీలు మొదలవకముందు కథ. పట్టికలో ఇందులో ఒక్క అక్షరం లేదు.

అలాంటి మనిషి 12 పౌండ్లు పైకెక్కి, 1980 జూన్ 20న మాంట్రియల్‌లో లెనర్డ్‌తో తలపడ్డాడు. స్థలం లెనర్డ్‌కి అచ్చివచ్చినదే, నాలుగేళ్ళ కిందట పతకం గెలిచిన ఊరు. లెనర్డ్‌కి 24 ఏళ్ళు, ప్రొఫెషనల్‌గా ఓటమి అన్నది ఎరగడు. డురాన్‌కి 29. పదిహేను రౌండ్లూ డురాన్ అతన్ని తాళ్ళకి నెట్టి, నెత్తిమీద ఎక్కి కూచున్నట్టు ఊపిరాడనివ్వకుండా కొట్టాడు. ముగ్గురు జడ్జీలూ డురాన్‌కే ఇచ్చారు. ఆ ముగ్గురిలో ఒకాయన ఏకంగా పది రౌండ్లు సమానమని రాశాడన్నది బాక్సింగ్ లోకంలో ఇప్పటికీ నవ్వుకునే విషయం. పదిహేనులో పది తేల్చుకోలేకపోయినవాణ్ణి ఆ కుర్చీలో ఎందుకు కూచోబెట్టినట్టు?

తర్వాతది చెప్పక తప్పదు. సరిగ్గా అయిదు నెలలకి, నవంబరు 25న న్యూ ఆర్లియన్స్‌లో రెండో పోటీ. లెనర్డ్ ఈసారి నిలబడి కొట్టుకోలేదు. తిరిగాడు, ఆడించాడు, కుడిచెయ్యి గిరగిరా తిప్పుతూ ఎడమచేత్తో ముక్కుమీద గుద్ది వెక్కిరించాడు. ఎనిమిదో రౌండులో డురాన్ రిఫరీ వైపు తిరిగి చెయ్యి ఊపేశాడు, ఇక చాలని. కడుపులో పట్టేసిందని తర్వాత చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. స్పానిష్‌లో "నో మాస్" అనే ఆ రెండు మాటలు అతని ఒంటికి పచ్చబొట్టులా అతుక్కుపోయాయి. ఆ మాటలు తాను అననేలేదని డురాన్ అంటాడు గాని, అన్నా అనకపోయినా పోటీ వదిలేసిన సంగతి వదిలేసిందే. దెబ్బలు తిని పడిపోవటం వేరు, నిలబడి ఉండి వెళ్ళిపోవటం వేరు. డురాన్‌ని మొదట పెట్టేవాడు ఈ మరకని దాచకూడదు. నేను దాచటం లేదు. కాని ముప్పై మూడేళ్ళ పాటు, 119 పోటీలు ఆడి 103 గెలిచిన మనిషిని ఒక్క రాత్రితో తూచటం నాకు సమ్మతం కాదు.

ఎందుకంటే ఆ తర్వాత అతను చేసింది చూడండి. అందరూ చచ్చిపోయినవాడిగా లెక్కకట్టిన మూడేళ్ళకి, 1983 జూన్ 16న, తన ముప్పైరెండో పుట్టినరోజునాడు, డేవీ మూర్ అనే కుర్ర ఛాంపియన్‌ని ఎనిమిది రౌండ్లలో చితక్కొట్టి 154 పౌండ్ల బెల్టు పట్టుకున్నాడు. అయిదు నెలలకి ఇంకా పైకెక్కి, 160 పౌండ్ల మిడిల్‌వెయిట్‌లో హాగ్లర్ ముందు నిలబడ్డాడు.

హాగ్లర్ ఆ బెల్టుని మొత్తం 12 సార్లు నిలబెట్టుకున్నాడు. ఆ పన్నెండులో పదకొండుమంది చివరి గంట వినలేదు. మధ్యలోనే పోటీ ఆగిపోయింది. పదిహేను రౌండ్లూ నిలబడి చివరి గంట విన్నవాడు ఒకే ఒక్కడు, లైట్‌వెయిట్ నుంచి పాతిక పౌండ్లు ఎక్కివచ్చిన డురాన్. నిలబడటం ఒక్కటే కాదు. పదమూడు రౌండ్లు ముగిసేసరికి ఇద్దరు జడ్జీల లెక్కలో డురాన్ ఒక్కో పాయింటు ముందున్నాడు, మూడో జడ్జీ దగ్గర సమానం. హాగ్లర్ ఆఖరి రెండు రౌండ్లూ ఊడ్చుకుని 144-142, 144-143, 146-145తో బయటపడ్డాడు. పట్టికలో మాత్రం దీనికి ఉన్నది ఒకే గుర్తు: డురాన్, ఓటమి.

సరే, మరి 1984 జూన్‌లో హెర్న్స్ రెండో రౌండులోనే డురాన్‌ని ముఖం నేలకానేలా పడగొట్టాడు కదా అంటారు. పడగొట్టాడు. ఇందులో సాకులేమీ చెప్పను. హెర్న్స్ కుడిచెయ్యి అంత చక్కగా పడిన రాత్రి మరొకటి లేదు. కాని అక్కడితో ఆగకండి. 1988 జూన్‌లో ఐరన్ బార్క్‌లీ అనే భీకరుడు అదే హెర్న్స్‌ని మూడో రౌండులో పడేశాడు. ఎనిమిది నెలలకి, 1989 ఫిబ్రవరిలో, ఆ బార్క్‌లీని పన్నెండు రౌండ్లు ఆడి, పదకొండో రౌండులో కింద కూడా కూచోబెట్టి, మిడిల్‌వెయిట్ బెల్టు లాక్కున్నది ఎవరు? 37 ఏళ్ళ డురాన్. హెర్న్స్ డురాన్‌ని కొట్టాడు, బార్క్‌లీ హెర్న్స్‌ని కొట్టాడు, డురాన్ బార్క్‌లీని కొట్టాడు. లెక్కల ఎమ్మెస్సీ మిత్రులు దీన్నేమంటారో గాని, ఒకడు రెండోవాడికంటే పెద్ద, రెండోవాడు మూడోవాడికంటే పెద్ద అనే నిచ్చెన ఇక్కడ నిలబడదు.

బరువు తర్వాత నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది పోటీ నిడివి. దీని గురించి మన వాదనల్లో ఎవరూ మాట్లాడరు.

1981 సెప్టెంబరు 16. లాస్ వేగస్‌లో సీజర్స్ పాలెస్ అనే హోటల్. (మన తొమ్మిదింట ఆరు పోటీలు ఈ ఒక్క హోటల్లోనే జరిగాయి. కొండవీటి రెడ్లకి కోట ఎలాగో వీళ్ళకి ఆ హోటలు అలాగ.) లెనర్డ్, హెర్న్స్ ఇద్దరూ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్లే, చెరో సంస్థ బెల్టుతో. పొడుగాటి ఎడమచేత్తో హెర్న్స్ దూరం నుంచే గుచ్చుతుంటే లెనర్డ్ ఎడమకన్ను వాచి మూసుకుపోతోంది. పన్నెండో రౌండు అయ్యాక శిక్షకుడు ఆంజెలో డండీ, లెనర్డ్‌ని పట్టుకుని, చేజారిపోతోంది అబ్బాయీ అని అరిచాడు. పదమూడులో లెనర్డ్ విరుచుకుపడి హెర్న్స్‌ని తాళ్ళమీదకి తోశాడు. పద్నాలుగులో తాళ్ళకి చేరవేసి కొడుతుంటే రిఫరీ ఆపేశాడు. లెనర్డ్ గెలిచాడు. అది బాక్సింగ్ చరిత్రలో ఒక మహత్తర ఘట్టమే, కాదనను. కాని పదమూడు రౌండ్ల తర్వాత ముగ్గురు జడ్జీల కాగితాల మీదా ముందున్నది హెర్న్సే: 124-122, 125-122, 125-121. పదమూడోది లెనర్డ్ రౌండు కనక పన్నెండు దగ్గర హెర్న్స్ ఇంకా ముందున్నట్టు.

ఆ మరుసటి సంవత్సరం, 1982 నవంబరులో, అదే హోటల్లో దక్షిణ కొరియా కుర్రవాడు డుక్ కూ కిమ్ పద్నాలుగో రౌండులో రే మన్సీనీ దెబ్బకి పడిపోయి, కొద్దిరోజుల్లో చనిపోయాడు. దాంతో ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ ఛాంపియన్‌షిప్ పోటీలని పదిహేను నుంచి పన్నెండు రౌండ్లకి కుదించింది. తక్కిన సంస్థలు ఆ దశాబ్దంలోనే ఒకదాని తర్వాత ఒకటి అదే దారి పట్టాయి. మంచి పని. మనిషి ప్రాణం కన్నా మూడు రౌండ్లు ఎక్కువా? కాని మన పట్టికకి అది ఏం చేసిందో గమనించండి. పన్నెండు రౌండ్ల నిబంధన 1981లోనే ఉంటే లెనర్డ్ మీద గెలుపు హెర్న్స్‌ది. పదిహేను రౌండ్ల నిబంధన 1987లో కూడా ఉండి ఉంటే, హాగ్లర్ చేతిలోంచి బెల్టు పోయేదో లేదో ఎవరికి తెలుసు? ఒకే మనుషులు, అవే పిడికిళ్ళు. నియమం మారితే పట్టిక తిరగబడుతుంది.

1987 అన్నాం కనక అక్కడ కొంచెం ఆగాలి. నలుగురిలోనూ నా మనసు హాగ్లర్ మీద ఉంటుందని ఈపాటికి కొందరు పసిగట్టే ఉంటారు. 1973లో ప్రొఫెషనల్ అయిన మనిషికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీ మొదటిసారి దొరికింది 1979 నవంబరు 30న, దాదాపు యాభై పోటీలు ఆడాక. అదే రాత్రి, అదే సీజర్స్ పాలెస్‌లో, ప్రొఫెషనల్‌గా మూడేళ్ళయినా నిండని లెనర్డ్ విల్‌ఫ్రెడ్ బెనితెజ్‌ని ఓడించి బెల్టు కట్టుకున్నాడు. హాగ్లర్‌కి వచ్చింది సమానం అనే తీర్పు. గెలిచింది హాగ్లరేనని చూసినవాళ్ళలో చాలామంది అన్నారు. సమానమైతే బెల్టు పాతవాడి దగ్గరే ఉంటుంది. పది నెలలకి లండన్ వెళ్ళి అలన్ మింటర్‌ని మూడు రౌండ్లలో ఓడించి బెల్టు గెలుచుకుంటే, అక్కడి జనం సీసాలు విసిరారు. మీద పడుతున్న సీసాల మధ్య పోలీసులు అడ్డుగా నిలబడి బయటికి తీసుకుపోయారు. ప్రపంచ ఛాంపియన్‌కి జరిగిన పట్టాభిషేకం అది! 1985 ఏప్రిల్ 15న హెర్న్స్‌తో జరిపిన మూడు రౌండ్ల యుద్ధం సంగతి వేరే చెప్పాలా? నుదురు పగిలి రక్తం కారుతుంటే, డాక్టరు చూసి వెళ్ళాక, ఇక ఆపేస్తారేమోనన్న భయంతోనే మీదపడి ముగించాడు.

అలాంటి హాగ్లర్ ముందుకి 1987 ఏప్రిల్ 6న లెనర్డ్ వచ్చాడు. కంటి రెటీనాకి ఆపరేషన్ అయి, అయిదేళ్ళలో ఒకే ఒక్క పోటీ ఆడి, అందులోనూ ఒకసారి కిందపడి లేచిన లెనర్డ్. కాని షరతుల దగ్గర లెనర్డ్‌ని మించినవాడు లేడు. హాగ్లర్‌కి ఎక్కువ డబ్బు ఇవ్వటానికి ఒప్పుకుని, బదులుగా పన్నెండు రౌండ్లు, పెద్ద రింగు, మెత్తని పెద్ద గ్లవ్స్ అడిగి తీసుకున్నాడు. హాగ్లర్ డబ్బు తీసుకున్నాడు, లెనర్డ్ నేల తీసుకున్నాడు. పోటీలో హాగ్లర్ తన సహజమైన ఎడమచేతివాటం వదిలి మొదటి రౌండ్లు కుడిచేతివాటంతో ఆడి పోగొట్టుకున్నాడు. ఎందుకలా చేశాడో నాకు ఎప్పటికీ అర్థం కాదు. లెనర్డ్ రౌండులో రెండున్నర నిమిషాలు తిరిగి, ఆఖరి అరనిమిషంలో గబగబా పది దెబ్బలు కురిపించేవాడు, జడ్జీలు పెన్ను తీసే సమయానికి. ఒక జడ్జీ 115-113 హాగ్లర్ అన్నాడు. ఒకాయన 115-113 లెనర్డ్ అన్నాడు. మూడో ఆయన 118-110 లెనర్డ్ అన్నాడు! ఒకే పోటీ, మూడు కుర్చీలు. మన డబుల్ వాల్యుయేషన్లో ఒకే పేపరుకి ఇద్దరు ఎగ్జామినర్లు ఇంత తేడాగా మార్కులేస్తే మూడో ఆయనకి పంపుతారు. ఇక్కడ ఆ మూడో ఆయనే అలా వేశాడు.

హాగ్లర్ మళ్ళీ రింగు ఎక్కలేదు. రెండో పోటీకి లెనర్డ్ ఒప్పుకుంటాడని ఒక ఏడాది చూసి, విసిగి, బాక్సింగ్‌కి దండం పెట్టి ఇటలీ వెళ్ళిపోయాడు. 2021 మార్చిలో 66వ ఏట చనిపోయేదాకా ఆ తీర్పుని ఒప్పుకోలేదు. మనం వేసుకునే పట్టికలో అది ఒక గడి. ఆయనకి అదే జీవితం.

ఇంత చెప్పి కూడా హాగ్లర్‌ని నేను మూడో స్థానంలోనే పెడతాను. కారణం కఠినంగా అనిపించవచ్చు. అతను ఎన్నడూ 160 పౌండ్లు దాటలేదు. తక్కిన ముగ్గురూ తమ ఒంటికి మించిన బరువు మోసుకుని అతని ఇంటికి వచ్చారు. అతను ఎవరి ఇంటికీ వెళ్ళలేదు. తన సహజమైన బరువులో, తనకంటే చిన్నవాళ్ళతో ఆడినప్పుడు డురాన్ మీద రెండు పాయింట్ల లోపు గెలిచాడు, అయిదేళ్ళు దాదాపు ఖాళీగా ఉన్న లెనర్డ్‌కి ఓడాడు. ఓడలేదనే అనుకుందాం, రెండు పాయింట్లతో గెలిచాడనే అనుకుందాం. అప్పుడు మాత్రం అది అంత గర్వించదగ్గ గెలుపా? మనసు ఒకటి చెబుతుంది, తరాజు ఇంకొకటి చెబుతుంది.

లెనర్డ్ రెండోవాడు. ముగ్గుర్నీ ఓడించినవాడు అతనొక్కడే, అది ఎవరూ చెరపలేనిది. అతను తన సమయం తాను ఎంచుకున్నాడని, డురాన్ విందులు చేసుకుని ఒళ్ళు పెంచుకున్నప్పుడే రెండో పోటీ పెట్టించాడని, హాగ్లర్ నెమ్మదించాకే వచ్చాడని అతని మీద అభియోగం. నిజమే. 1988లో లైట్ హెవీవెయిట్ ఛాంపియన్ డోనీ లలోండ్‌ని 168 పౌండ్లకి దిగిరమ్మని, ఒకే రాత్రి రెండు బరువుల బెల్టులు ఎత్తుకెళ్ళాడు. కోర్టు భాషలో చెప్పాలంటే ప్లీడరు తెలివి. నేను దాన్ని దోషమనను. సమయం చూసుకోవటం కూడా ఆటలో భాగమే. కాని ఒకటీ రెండూ మధ్య తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు, అన్ని షరతులూ తనకి అనుకూలంగా రాయించుకుని గెలిచినవాడికంటే, ఏ షరతూ అడగకుండా తనకంటే పెద్దవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి తలుపు తట్టినవాడే నాకు పైవాడు. పైగా లెనర్డ్ యవ్వనంలో, ఓటమి లేని రోజుల్లో, అతన్ని ముఖాముఖి ఓడించిన ఒకే ఒక్కడు డురాన్. అందుకే డురాన్ మొదటివాడు.

బెనితెజ్ పేరు పైన ఒకసారి వచ్చింది. ఈ పట్టిక నలుగురిదే ఎందుకయిందని ఎవరూ అడగరు గాని, న్యాయంగా అయిదో కుర్చీ ఒకటి వెయ్యాలి. 1976లో 17 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయిన ప్యూర్టో రికో పిల్లవాడు. అంత చిన్న వయసులో ఆ బెల్టు కట్టినవాడు అంతకుముందూ లేడు, తర్వాతా లేడు. 1982 జనవరిలో డురాన్‌ని పదిహేను రౌండ్లలో ఓడించాడు కూడా. లెనర్డ్‌కీ హెర్న్స్‌కీ ఓడాడు, హాగ్లర్ ఎదుటికి వెళ్ళనేలేదు, ముప్పై రాకముందే అయిపోయాడు. తిన్న దెబ్బలకి మెదడు పాడై, దశాబ్దాల తరబడి ఇంటివాళ్ళు చూసుకుంటే గాని రోజు గడవని స్థితికి వచ్చాడు. ఒకటో స్థానం, రెండో స్థానం అని మనం వేళ్ళు మడుస్తున్నది ఏ పని గురించో మరిచిపోకుండా ఉండటానికి ఆ పేరు గుర్తుంచుకోవటం మంచిది.

మిగిలింది హెర్న్స్. నాలుగోవాడు అనగానే చులకన అనుకోవద్దు. 147 పౌండ్ల నుంచి 175 దాకా ఎక్కుతూ అయిదు బరువుల్లో బెల్టులు గెలిచాడు. నాలుగు వేర్వేరు బరువుల్లో ఛాంపియన్ అయిన మొదటివాడు అతనే. హాగ్లర్‌తో మొదటి రౌండులోనే కుడిచెయ్యి విరిగినా మరో రెండు రౌండ్లు కొట్టాడు. 1989 జూన్‌లో లెనర్డ్‌ని రెండుసార్లు నేలమీద కూచోబెట్టినా తీర్పు సమానమని వచ్చింది. గెలిచింది హెర్న్సేనని తర్వాత్తర్వాత లెనర్డే ఒప్పుకున్నాడు. అది అతనికే ఇచ్చి, 1981 పోటీ పన్నెండు రౌండ్లకే ముగిసి ఉంటే అనే మాట కూడా కలిపితే, హెర్న్స్ రెండో స్థానానికి ఎగబాకుతాడని మా హాస్టల్లో ఇద్దరు రోజూ వాదిస్తారు. పెద్ద పోటీల్లో రెండుసార్లు అతని కాళ్ళు కూలబడ్డాయని, బార్క్‌లీ సంగతేమిటని నేనడిగితే, డురాన్ న్యూ ఆర్లియన్స్ సంగతేమిటని వాళ్ళు తిరిగి అడుగుతారు. వచ్చే సంవత్సరం సావనీరులో వాళ్ళకి నాలుగు పేజీలు కేటాయించవలసిందిగా సంపాదక వర్గానికి మనవి.